గోడ కొడితే ఇల్లు పెద్దదైపోతుందా? ఇంటి మార్పులపై అపోహలు, వాస్తవాలు

"ఇల్లు సరిపోవడం లేదండీ, హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేద్దామనుకుంటున్నాం" అంటూ, ఇంటీరియర్ పనులు చేసే నాకు ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. ఎన్ని చదరపు అడుగులు అని అడిగితే టక్కున 1,200 అంటారు. అది చాలాసార్లు మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కూడా కలిపి అమ్మినప్పుడు చెప్పిన లెక్క. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, బాల్కనీ తీసేసి, లోపలి అడ్డగోడలతో కలిపి మిగిలే స్థలం. మనం పని చేయాల్సింది ఆ అంకెతో. కాబట్టి ఎవర్నీ పిలవకముందే ఒక టేపు తీసుకుని గదులు మీరే కొలిచి కాగితం మీద రాసుకోండి, గంట పని.

నా పని ఎక్కువగా పాత ఫ్లాట్లలో, 150 గజాల్లో కట్టుకున్న సొంతిళ్లలో ఉంటుంది. వాటిలో నేను చూసినంతవరకు స్థలాన్ని తినేసేవి మూడే: తలుపులు తెరుచుకునే చోటు, మనుషులు నడిచే దారి, ఏడాదికోసారి వాడే సామాను. ఈ మూడింటినీ చూడకుండా నేరుగా సుత్తి పట్టుకోబట్టే ఇన్ని అపోహలు.

అపోహ: అడ్డగోడే కదా, నాలుగున్నర అంగుళాల గోడ కొట్టేస్తే ఏమీ కాదు.

ఇల్లు ఎలా కట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. పిల్లర్లు, బీములు వేసి కట్టిన మామూలు అపార్ట్‌మెంట్లో బరువు మోసేవి పిల్లర్లూ బీములే, ఇటుక గోడలు మధ్యలో నింపినవి. అక్కడ సాధారణంగా నాలుగున్నర అంగుళాల గోడ తీయొచ్చు. కానీ ఈమధ్య కట్టిన పెద్ద టవర్లలో చాలావాటికి మైవాన్ పద్ధతి వాడారు, అంటే అల్యూమినియం అచ్చులు పెట్టి గోడలు, స్లాబు కలిపి కాంక్రీటుతో ఒకేసారి పోసేశారు. అక్కడ బెడ్‌రూమ్ గోడ కూడా బిల్డింగ్ బరువు మోస్తూ ఉండొచ్చు, దానికి తలుపంత కంత పెట్టినా తప్పే. స్విచ్ బోర్డు జరపడానికి గాడి కొట్టాలన్నా ఆలోచించాలి. ఇక పాత పెంకుటిళ్లలో, సున్నంతో కట్టిన మిద్దెల్లో గోడల మీదే దూలాలు కూర్చుంటాయి, వాటి సంగతి చెప్పక్కర్లేదు.

"9 అంగుళాలైతే బరువు మోసే గోడ, నాలుగున్నరైతే కాదు" అని మేస్త్రీలు చెప్పే సూత్రం అన్నిచోట్లా నిలవదు. పిల్లర్ల ఇంట్లో బయటి 9 అంగుళాల గోడ కూడా నింపినదే అయ్యుండొచ్చు. అలాగే సన్నటి గోడ మీద పైన అటక స్లాబు కూర్చుని ఉండొచ్చు. ఈ రెండోది మన ఇళ్లలో తరచూ తగులుతుంది. తలుపు ఎత్తులో, 7 అడుగుల దగ్గర, కాంక్రీటు సజ్జ పోసి దాన్ని అటకలా వాడుతుంటాం కదా, కింది గోడ తీసేస్తే ఆ సజ్జ దేని మీద ఆగుతుందో ముందే తెలియాలి. బిల్డర్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్ దొరికితే తెచ్చుకోండి, దొరక్కపోతే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిచి చూపించండి. నాలాంటి ఇంటీరియర్ వాళ్ల మాట, మేస్త్రీ మాట ఈ విషయంలో ఆఖరి మాట కాకూడదు.

గోడ తీయొచ్చని తేలిందే అనుకుందాం. అప్పుడు కూడా లెక్క వేసుకోండి, నాలుగున్నర అంగుళాల గోడ 10 అడుగుల పొడవుంటే నేల మీద మీకు దక్కేది 4 చదరపు అడుగుల కంటే తక్కువే. దానికి బదులు ఆ గోడకున్న స్విచ్‌లు, ఫ్రిజ్ పెట్టుకునే చోటు, అలమర అన్నీ పోతాయి. నేలలో గోడ ఉన్నచోట చార పడుతుంది, పాత టైల్‌కి జత దొరకదు కాబట్టి రెండు గదుల నేలా మార్చాల్సి వస్తుంది. పైగా మన వంట ఎలాంటిదో తెలిసిందే, ఎండుమిర్చి తాలింపు ఘాటు హాల్లో కూర్చున్నవాళ్ల గొంతులోకి వెళ్తుంది, చిమ్నీ ఉన్నా పూర్తిగా ఆగదు. అందుకే నేను ఎక్కువమందికి చెప్పేది గోడ ఉంచి, అందులో 4 అడుగుల వెడల్పు ఓపెనింగ్ పెట్టి, కింద గ్రానైట్ పలక, ముందు జరిపే గాజు తలుపు పెట్టుకోమని. టిఫిన్ అందించడానికి పనికొస్తుంది, వెలుతురు వస్తుంది, వేయించేటప్పుడు మూసేయొచ్చు. దానికీ పైన లింటెల్, అంటే పై ఇటుకల బరువు మోసే అడ్డ దూలం వేయాలి, ఊరికే ఇటుకలు పీకి వదిలేయకూడదు.

అపోహ: తలుపుల గురించి ఆలోచించడానికేముంది?

ఇది ఎవరూ పైకి అనరు గానీ అందరూ నమ్ముతారు. 3 అడుగుల తలుపు తెరుచుకోవడానికి దాదాపు 7 చదరపు అడుగుల నేల కావాలి. అక్కడ ఏదీ పెట్టలేరు. ఆ 7ని మీరు ఫ్లాట్ కొన్న రేటుతో గుణించి చూసుకోండి! గదిలోకి తెరుచుకునే తలుపుని కుడి నుంచి ఎడమకు మారిస్తే చాలు, ఒక్కోసారి మొత్తం ఒక గోడ బీరువాకి ఖాళీ అవుతుంది. వడ్రంగికి అది పెద్ద పనేం కాదు, పాత గాడులు పూడ్చి కొత్త బందులు బిగించడమే. వంటింటికి, స్టోర్‌కి అసలు తలుపు అవసరమా అని కూడా అడగండి, చాలా ఇళ్లలో ఆ తలుపు ఏళ్లుగా గోడకి ఆనించే ఉంటుంది, వెనక చీపురు దాక్కుని ఉంటుంది.

బాత్రూమ్ తలుపు విషయం వేరు, అందులో భద్రత కూడా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే లోపలికి తెరుచుకునే తలుపు మంచిది కాదు. వాళ్లు లోపల జారిపడితే తలుపుకి అడ్డంగా పడిపోతారు, బయటినుంచి తోయలేం. బయటికి తెరుచుకునేదో, పక్కకి జరిగేదో పెట్టండి, గడియ కూడా బయటి నుంచి తీయగలిగే రకం తీసుకోండి. దానివల్ల లోపల స్థలం కూడా కలిసొస్తుంది, పట్టుకోవడానికి కమ్మీ బిగించే గోడ దొరుకుతుంది.

అపోహ: ఎన్ని కబోర్డులు పెడితే అంత స్థలం మిగులుతుంది.

10 అడుగులు, 11 అడుగులు ఉన్న బెడ్‌రూమ్ తీసుకుందాం. కింగ్ సైజు మంచం 6 అడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు. మంచం పక్క గోడకి 2 అడుగుల లోతు వార్డ్‌రోబ్ పెట్టారనుకోండి, 10లో 8 పోయి మిగిలింది 2 అడుగులు. మంచాన్ని ఓ పక్క గోడకి ఆనించినా ఇంకో పక్క ఆ 2 అడుగుల్లోనే వార్డ్‌రోబ్ తలుపు తెరవాలి, మీరు నిలబడాలి, లోపలి పక్క పడుకున్నవాళ్లు రాత్రి లేస్తే మీ మీదుగా దాటుకుని రావాలి. అదే 5 అడుగుల క్వీన్ సైజు మంచం వేస్తే ఆ దారి 3 అడుగులవుతుంది. మంచం దగ్గర తగ్గమంటే చాలామందికి కోపం వస్తుంది, పెళ్లికి పెట్టిన మంచం అంటారు, నిజమే, కానీ గది కొలత మారదు కదా. తలుపులు అడ్డమొస్తున్నాయని జరిపే తలుపులు పెట్టుకుంటే పట్టాల కోసం లోతు ఇంకో రెండు మూడు అంగుళాలు పెరుగుతుంది, ఒకసారికి సగమే తెరుచుకుంటుంది. అది తెలిసి పెట్టుకుంటే ఇబ్బంది లేదు.

ఇంకో సంగతి లోతు. అన్నిటికీ 2 అడుగుల లోతు అలవాటైపోయింది. హ్యాంగర్‌కి తగిలించే బట్టలకే అంత కావాలి. పుస్తకాలకి 10, 12 అంగుళాలు చాలు, పచ్చడి సీసాలకీ పోపు డబ్బాలకీ 8 అంగుళాల అర చాలు. లోతు ఎక్కువైతే వెనక వరసలో ఏముందో మర్చిపోయి మళ్లీ కొనుక్కొస్తారు. నడవాలో, తలుపు వెనక, పిల్లర్ పక్కన మిగిలే ఆ 8, 10 అంగుళాల లోతు జాగాలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి, నేను మొదట వెతికేది వాటినే.

అటక మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. రోజూ వాడేది మోకాలికీ కళ్లకీ మధ్య ఎత్తులో ఉండాలి, నెలకోసారి వాడేది దానికి కింద, బొమ్మల కొలువు బొమ్మలు, పెద్ద గుండిగలు, సూట్‌కేసులు పైన. మా వాళ్లు కిచెన్ ప్లాన్ చేసేముందు ఇంటావిడ ఎత్తు, అత్తగారి ఎత్తు రెండూ అడుగుతారు, ఇద్దరికీ అందని అర ఉన్నా లేనట్టే.

అపోహ: పాత కడప బండ అరలు పీకేస్తేనే మాడ్యులర్ కిచెన్.

దయచేసి పీకకండి. ప్లాట్‌ఫామ్ కింద కడప బండ అరలున్న వంటిళ్లు మనకి బోలెడు. ఆ బండకి చెదలు పట్టవు, సింకు కారినా ఉబ్బదు. వాటికి ముందు ఫ్రేమూ తలుపులూ బిగించి, ఒకటి రెండు చోట్ల మాత్రం అర తీసి డ్రాయర్లు పెడితే ఖర్చు బాగా తగ్గుతుంది. షోరూమ్ వాళ్లు ఈ మాట చెప్పరు, వాళ్ల వ్యాపారం వాళ్లది.

ఒక జాగ్రత్త. గ్యాస్ సిలిండర్‌ని కనపడకుండా కబోర్డులో పెట్టి గాలి చొరకుండా మూసేస్తున్నారు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. ఆ తలుపుకి కింది భాగంలో గాలి వెళ్లే జాలీ తప్పనిసరిగా ఉండాలి, రెగ్యులేటర్ చేతికి అందాలి. వీలుంటే సిలిండర్‌ని ఇంటి బయట, గాలి బాగా ఆడే చోట పెట్టించుకోండి, లోపల జాగా కూడా మిగులుతుంది.

అపోహ: 710 ప్లైవుడ్ వాడితే ఇంక టెన్షన్ లేదు.

710 అనేది నీటిని తట్టుకునే మెరైన్ రకం ప్లైవుడ్‌కి ఉన్న ఐఎస్ (భారతీయ ప్రమాణం) నంబరు. సింకు కింద, బాత్రూమ్ దగ్గర అది వాడాల్సిందే. చెమ్మ లేని బెడ్‌రూమ్ బీరువాకి మామూలు మంచి ప్లై సరిపోతుంది. గోడలోనే చెమ్మ ఉంటే మాత్రం ముందు చెమ్మ ఎక్కడినుంచి వస్తుందో చూసి ఆపండి, ఏ ప్లై పెట్టినా వెనక బూజు పడుతుంది.

అపోహ: తెల్ల రంగు వేస్తే గది పెద్దగా కనిపిస్తుంది. కిటికీకి అడ్డం పెట్టిన బీరువా జరపండి, ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

అపోహ: ఫాల్స్ సీలింగ్ లేకపోతే ఇంటీరియర్ చేసినట్టే కాదు.

తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున్న ఫ్లాట్లో 6 అంగుళాలు దించితే 9 మిగులుతుంది, దాని కింద ఫ్యాన్ రాడ్డు. ఫ్యాన్ రెక్కలు నేలకి 7 అడుగుల కంటే కిందికి రాకూడదు, అటు సీలింగ్‌కి మరీ దగ్గరైతే గాలి రాదు. ఫ్యాన్ హుక్కు స్లాబుకే ఉండాలి, జిప్సమ్ బోర్డుకి కాదు. బీము దాచాలన్నా, ఏసీ పైపు తీసుకెళ్లాలన్నా ఆ వరకు పెట్టుకోండి, గదంతా అక్కర్లేదు. పై అంతస్తులో వేడి తగ్గుతుందని పెట్టించేవాళ్లున్నారు, కాస్త తగ్గుతుంది కూడా, కానీ వేడి వచ్చేది స్లాబు నుంచి కాబట్టి మేడ మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయడం చవకైన మందు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది.

అపోహ: బాల్కనీ మూసేస్తే ఒక గది ఫ్రీ.

బాల్కనీ స్లాబు చాలావరకు ఒక పక్కే పట్టు ఉండి ముందుకి వేలాడుతూ ఉంటుంది. దాని అంచున ఇటుక గోడ కట్టడం, 200 లీటర్ల డ్రమ్ములు వరసగా పెట్టడం మంచిది కాదు, నిండిన డ్రమ్ము ఒక్కోటి 200 కిలోలు. అసోసియేషన్, మున్సిపాలిటీ అనుమతి సంగతి సరేసరి. అన్నిటికన్నా ముందు, మూసేశాక హాలుకి గాలీ వెలుతురూ ఎక్కడినుంచి వస్తాయి, బట్టలెక్కడ ఆరేస్తారు, ఏసీ బయటి యూనిట్ బాగుచేసేవాడు ఎక్కడ నిలబడతాడు? వీటికి జవాబులుంటే జరిపే గాజు తలుపులు పెట్టుకోండి, కింద నిల్వ చేసుకునే బెంచీ వేయించుకోండి.

అపోహ: వాస్తు చూస్తే స్థలం కలిసిరాదు.

నేను నమ్ముతానా లేదా అన్నది ఇక్కడ అనవసరం, ఆ ఇంట్లో ఉండేది నేను కాదు. నాకు కావాల్సింది ఆ మాట ముందే తెలియడం. ఈశాన్యంలో బరువు వద్దు, పొయ్యి తూర్పు ముఖంగా ఉండాలి అని మొదటి రోజే చెబితే వార్డ్‌రోబ్‌లు ఇంకో గోడకి వెళ్తాయి, అంతే. పనంతా సగమయ్యాక ఊరినుంచి పెద్దాయనో సిద్ధాంతిగారో వచ్చి సింకు మార్చమంటే మాత్రం పైపులు తవ్వాలి, గ్రానైట్ కోయాలి. ఇంట్లో నిర్ణయం ఎవరిదో వాళ్లని మొదటి మీటింగ్‌కే కూర్చోబెట్టండి. పూజకి గదే ఉండాలని లేదు, హాల్లో ఈశాన్యాన 3 అడుగుల వెడల్పు మందసం, కింద పూజ సామానుకి డ్రాయర్లు పెడితే చాలామందికి సరిపోతుంది, పెద్దావిడ ఒప్పుకుంటేనే.

అపోహ: చుట్టాలొస్తారు కాబట్టి సోఫా కమ్ బెడ్ కావాలి.

కొన్న కొత్తలో తెరుస్తారు. తర్వాత దాన్ని లాగి విప్పే ఓపిక లేక చుట్టాలకి కింద పరుపులే వేస్తారు. మూత తీస్తే లోపల బొంతలు, దుప్పట్లు పట్టే దివాన్ కాట్ పాత ఫ్యాషన్ అనుకోకండి, పగలు కూర్చోవడానికి, రాత్రి ఒకరు పడుకోవడానికి దానికి సాటి లేదు.

అపోహ: ఇంట్లో ఉంటూనే చేయించుకోవచ్చు, పండక్కి అయిపోతుంది.

ఒక్క గది పనైతే ఉండొచ్చు. బాత్రూమూ వంటిల్లూ కలిపి తీస్తే వేరేచోట ఉండడమే మేలు. కూల్చడం, కరెంటు, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, సీలింగ్, వడ్రంగం, రంగులు, వరస ఇది. ముఖ్యంగా బాత్రూమ్‌లో వాటర్‌ప్రూఫింగ్ చేశాక నీళ్లు నింపి ఒకటి రెండు రోజులు అలా వదిలి, కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్‌కి చెమ్మ దిగిందేమో చూశాకే టైల్ వేయాలి. తొందరలో ఆ రెండు రోజులు మింగేస్తే కింది వాళ్లతో గొడవ, కొత్త టైల్ పగలగొట్టడం. వానాకాలంలో రంగులు, పుట్టీ ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. ఆషాఢంలో గృహప్రవేశాలుండవు కాబట్టి మంచి వడ్రంగులు దొరుకుతారు, శ్రావణం వచ్చిందా, ఫోన్ ఎత్తరు.