రిఫ్లెక్టర్ గొడవ: 35 డాలర్ల వెనక ఉన్న కథ

ఏళ్ల తరబడి ఉచితంగా వాడుకున్న టూల్‌కి ఉన్నట్టుండి ధర పెడితే ప్రోగ్రామర్లు మండిపడతారు. అంతంత జీతాలు తీసుకునేవాళ్లు ఆ కాస్త డబ్బు కట్టలేరా అని బయటివాళ్లకు అనిపించడం సహజం. 2025 జనవరిలో ఫ్లూయెంట్ అసర్షన్స్ అనే టెస్టింగ్ లైబ్రరీని కంపెనీల్లో వాడాలంటే ఒక్కో డెవలపర్‌కి ఏడాదికి 129.95 డాలర్లు కట్టాలన్నప్పుడు కూడా గొడవ పెద్దదే అయింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ ప్రపంచంలో పాతకాపులకు అప్పుడు వెంటనే గుర్తొచ్చే పేరు ఒకటుంది: రిఫ్లెక్టర్. ఇలాంటి కోపం అసలు దేని మీదో తెలియాలంటే 2011 నాటి ఆ కథ తెలియాలి.

డాట్‌నెట్ భాష అయిన సీ షార్ప్‌లో రాసిన ప్రోగ్రామ్‌ని కంపైల్ చేస్తే, అంటే కంప్యూటర్ నడిపే రూపంలోకి మారిస్తే, అది నేరుగా మెషిన్ కోడ్ అయిపోదు. ఐఎల్ అనే మధ్య భాషలోకి మారి డీఎల్ఎల్ ఫైల్లో చేరుతుంది. క్లాసుల పేర్లు, మెథడ్ల పేర్లు, పారామీటర్లు అన్నీ ఆ ఫైల్లోనే భద్రంగా ఉంటాయి. రిఫ్లెక్టర్ వాటిని చదివి, ఐఎల్‌ని మళ్లీ సీ షార్ప్‌గా మార్చి చూపించేది. డీఎల్ఎల్‌ని తెరిస్తే ఎడమవైపు నేమ్‌స్పేసులు (క్లాసులను గుంపులుగా పెట్టే పేర్లు), వాటి కింద క్లాసులు. ఒక మెథడ్ మీద క్లిక్ చేస్తే కుడివైపు దాని కోడ్. రాసినవాళ్లు పెట్టిన కామెంట్లు ఉండవు. లోకల్ వేరియబుల్స్‌కి అసలు పేర్లు పోయి నమ్, ఫ్లాగ్ లాంటి పేర్లు వస్తాయి. అయినా లాజిక్ మొత్తం కళ్లముందు ఉంటుంది.

ఇది ఎంత అవసరమో డాట్‌నెట్ మీద పనిచేసినవాళ్లకే తెలుసు. వేరే కంపెనీ నుంచి కొనుక్కొచ్చిన గ్రిడ్ కంట్రోల్ (పట్టికలా డేటా చూపించే భాగం) లోపలెక్కడో నల్ రిఫరెన్స్ ఎర్రర్ ఇస్తుంది, డాక్యుమెంటేషన్‌లో దాని ఊసే ఉండదు. పాత ప్రాజెక్టు సోర్స్, అంటే మనిషి రాసిన అసలు కోడ్, ఎక్కడుందో ఎవరికీ తెలియదు, డీఎల్ఎల్ మాత్రమే మిగిలింది. నిన్న చేసిన ఫిక్స్ ప్రొడక్షన్ సర్వర్ మీదికి నిజంగా వెళ్లిందా లేదా అని క్లయింట్ అడుగుతాడు. ఇలాంటప్పుడల్లా రిఫ్లెక్టరే దిక్కు. అప్పట్లో మైక్రోసాఫ్ట్ ఇంకా డాట్‌నెట్‌ని ఓపెన్ సోర్స్ చేయలేదు, అంటే దాని సోర్స్ అందరికీ ఇవ్వలేదు కాబట్టి ఫ్రేమ్‌వర్క్ లోపల ఏం జరుగుతోందో చూడాలన్నా చాలామందికి ఇదే దారి. అమీర్‌పేటలో డాట్‌నెట్ కోర్సు చేసి హైదరాబాద్ కంపెనీల్లో చేరినవాళ్ల అవసరాలూ ఇవే.

దీన్ని రాసింది లుట్జ్ రోడర్ అనే మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. సొంతంగా మొదలుపెట్టి, ఏళ్ల తరబడి మెరుగుపరుస్తూ ఉచితంగా ఇచ్చాడు. కానీ సోర్స్ ఇవ్వలేదు. పైగా ప్రతి వెర్షన్‌కీ గడువు ఉండేది. అది తీరాక కొత్త వెర్షన్ దించుకోవాల్సిందే. కొత్తది కూడా ఉచితమే కాబట్టి దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత కథంతా ఈ గడువు చుట్టూనే తిరిగింది.

2008 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కి చెందిన రెడ్‌గేట్ కంపెనీ రిఫ్లెక్టర్‌ని కొనేసింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ కోసం చేసే టూల్స్‌తో మంచి పేరున్న కంపెనీ అది. ఉచిత వెర్షన్ కొనసాగుతుందని అప్పుడే చెప్పారు. చాలామంది నమ్మారు. 2010లో డబ్బు కట్టి కొనుక్కునే ప్రో వెర్షన్ వచ్చింది. దాంతో సోర్స్ లేని డీఎల్ఎల్ లోపలికి కూడా, మైక్రోసాఫ్ట్ వాళ్ల కోడింగ్ టూల్ విజువల్ స్టూడియోలో అడుగడుగునా డీబగ్ చేసుకోవచ్చు. ప్రో మీద వచ్చే ఆదాయంతో ఉచిత వెర్షన్‌ని నడపాలన్నది లెక్క. ఆ లెక్క కుదరలేదు.

2011 ఫిబ్రవరి మొదట్లో ప్రకటన వచ్చింది. ఏడో వెర్షన్ నుంచి ధర 35 డాలర్లు, అప్పటి రేటు ప్రకారం 1,600 రూపాయల లోపే. అక్కడితో ఆగి ఉంటే కొంత సణుగుడుతో పోయేదేమో. కానీ అప్పటికే దించుకున్న ఉచిత కాపీలు కూడా మే నెలాఖరుకల్లా పనిచేయడం మానేస్తాయన్నారు. అంటే కొత్తది కొనకుండా పాతదాంతో సరిపెట్టుకుందామన్నా కుదరదు.

కోపం కట్టలు తెంచుకుంది ఇక్కడే. నా దృష్టిలో 35 డాలర్లు చాలా న్యాయమైన ధర. మంచి డీకంపైలర్ (ఐఎల్‌ని మళ్లీ కోడ్‌గా మార్చే ఇలాంటి టూల్) రాయడం, భాషలో కొత్త ఫీచర్ వచ్చిన ప్రతిసారీ దాన్ని సరిచేయడం చిన్న పని కాదు, ఆ పని చేసేవాళ్లకు జీతాలివ్వాలి. కానీ ఉచితంగానే ఉంటుందని మాట ఇచ్చి, రెండున్నరేళ్లకే అవతలివాళ్ల కంప్యూటర్‌లో ఉన్న కాపీని ఆపేస్తామనడం వేరే సంగతి. కోపం ధర మీద కంటే టూల్‌ని ఆపేసే ఆ మీట మీద ఎక్కువ. అది మొదటి నుంచీ తమ చేతిలో లేదని అందరికీ ఒక్కసారిగా అర్థమైంది.

తిట్టి ఊరుకోలేదు కూడా. షార్ప్‌డెవలప్ అనే ఓపెన్ సోర్స్ ఎడిటర్ చేస్తున్న బృందం ఆ ఫిబ్రవరిలోనే రిఫ్లెక్టర్ పనే చేసే ఐఎల్‌స్పై మొదలుపెట్టింది. డీఎల్ఎల్ చదవడానికి మోనో సెసిల్ అనే లైబ్రరీ అప్పటికే సిద్ధంగా ఉంది, దాని మీద కట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే ఎంఐటీ లైసెన్స్ కింద సోర్స్ మొత్తం బయట పెట్టారు. జెట్‌బ్రెయిన్స్ కంపెనీ డాట్‌పీక్ అనే డీకంపైలర్‌ని, టెలెరిక్ కంపెనీ జస్ట్‌డీకంపైల్‌ని అదే ఏడాది ఉచితంగా ఇచ్చాయి. ఆ రెండు కంపెనీలకు వేరే పెయిడ్ టూల్స్ ఉన్నాయి, కోపంగా ఉన్న డెవలపర్లను తమవైపు తిప్పుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు.

ఏప్రిల్ చివర్లో రెడ్‌గేట్ వెనక్కి తగ్గింది. అప్పటికే వాడుతున్నవాళ్లకు గడువు లేని ఆరో వెర్షన్ ఉచితంగా ఇస్తామని చెప్పింది. ఒక కంపెనీ అలా బహిరంగంగా నిర్ణయం మార్చుకోవడం మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ మూడు నెలల్లో జనం వేరే టూల్స్‌కి అలవాటు పడిపోయారు.

ఇలాంటిది అంతకుముందు ఒకసారి మరీ పెద్ద ఎత్తున జరిగింది. లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) బృందం 2002 నుంచి కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే బిట్‌కీపర్ అనే టూల్‌ని ఉచిత లైసెన్స్ మీద వాడేది. 2005 ఏప్రిల్‌లో ఆ కంపెనీ ఉచిత వెర్షన్‌ని ఉపసంహరించుకుంటే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూర్చుని దాని బదులు గిట్ రాశాడు. బిట్‌కీపర్‌ని 2016లో ఓపెన్ సోర్స్ చేశారు గానీ అప్పటికి దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు.

తర్వాత వచ్చిన గొడవలు కొంత మారాయి. 2021 ఆగస్టులో, ప్రోగ్రామ్‌లను కంటైనర్లలో పెట్టి నడిపే టూల్ డాకర్ డెస్క్‌టాప్‌కి ధర పెట్టినప్పుడు చిన్న కంపెనీలను వదిలేశారు. 250 మందికి మించి ఉద్యోగులున్నా, ఏటా కోటి డాలర్లకు మించి ఆదాయం ఉన్నా కట్టాలి. సర్దుకోవడానికి 2022 జనవరి చివరి దాకా గడువిచ్చారు. పెద్ద కంపెనీలు కొన్ని కట్టాయి, కొన్ని అదే పని చేసే పాడ్‌మాన్, రాంచర్ డెస్క్‌టాప్ వైపు మళ్లాయి. 2023 ఆగస్టులో హాషికార్ప్ కంపెనీ, క్లౌడ్ సర్వర్లను ఏర్పాటు చేసే తన టూల్ టెర్రాఫామ్ లైసెన్స్ మార్చింది. పాత సోర్స్ ఓపెన్ లైసెన్స్ కింద ఉండటంతో నెల తిరక్కుండానే దాన్ని ఫోర్క్ చేశారు, అంటే ఆ సోర్స్ కాపీ తీసుకుని వేరుగా నడపడం మొదలుపెట్టారు, అదే నేటి ఓపెన్‌టోఫు. రిఫ్లెక్టర్‌కి ఆ వీలు లేదు కాబట్టే ఐఎల్‌స్పైని మొదటి నుంచి రాయాల్సి వచ్చింది.

ఇక ఫ్లూయెంట్ అసర్షన్స్ సంగతి. ధర ఎనిమిదో వెర్షన్‌కి మాత్రమే. ఏడో వెర్షన్ అపాచీ అనే ఓపెన్ లైసెన్స్ కిందే ఉంది, ఎప్పటిలాగే పనిచేస్తుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. అక్కడి నుంచి ఆసమ్ అసర్షన్స్ అనే ఫోర్క్ కూడా వచ్చింది. ప్రాజెక్టులో ఏడో వెర్షన్ దగ్గరే ఆగిపోవాలంటే ప్యాకేజ్ ఫైల్లో ఒక లైన్ మారిస్తే చాలు. ఐఎల్‌స్పై డీకంపైలరేమో ఇప్పుడు విజువల్ స్టూడియోలోనే ఉంది. సోర్స్ లేని క్లాస్ మీద ఎఫ్12 నొక్కినప్పుడు ఆ కోడ్‌ని తిరిగి రాసి చూపించేది అదే.