అపెక్ గడపలో భారత్: మూడు దశాబ్దాల నిరీక్షణ వెనుక కథ

ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార వేదిక అపెక్‌లో భారత్‌కు సభ్యత్వం దొరక్కపోతే కనీసం పరిశీలక హోదా అయినా అడగాలని కొందరు అంటుంటారు. వినడానికి తేలికైన మెట్టులాగే ఉంటుంది. కానీ అపెక్‌లో దేశాల కోసం అలాంటి మెట్టే లేదు. అక్కడి అధికారిక పరిశీలకులు మూడే: ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్, పసిఫిక్ ఆర్థిక సహకార మండలి, పసిఫిక్ ద్వీపాల ఫోరం. మూడూ సంస్థలే. సమావేశాల్లో కూర్చోవచ్చు, పత్రాలు చేతికొస్తాయి, నిర్ణయంలో మాత్రం భాగం ఉండదు. బయటి దేశానికి మిగిలేది అతిథి పీట ఒక్కటే. ఆ ఏడాది ఆతిథ్యమిచ్చే సభ్యుడు పిలిస్తే వెళ్లాలి, అదీ ఆ సమావేశం వరకే. ఆసియాన్ పద్ధతి వేరు. తూర్పు తిమోర్‌ను 2022లో సూత్రప్రాయంగా ఒప్పుకొని, పరిశీలక హోదా ఇచ్చి, 2025లో పూర్తి సభ్యత్వం ఇచ్చారు. అపెక్‌లో ఆ వరస పనిచేయదు.

అపెక్ 1989 నవంబరులో కాన్‌బెర్రాలో 12 మందితో మొదలైంది. 1991లో చైనా, హాంకాంగ్, తైవాన్ ఒకేసారి చేరాయి. హాంకాంగ్, తైవాన్‌లను వేరే దేశాలంటే చైనా ఒప్పుకోదు. అందుకే అక్కడ సభ్యులను 'దేశాలు' అనరు, 'ఆర్థిక వ్యవస్థలు' అంటారు. తైవాన్ పేరు 'చైనీస్ తైపే'. శిఖరాగ్ర సమావేశానికి దాని అధ్యక్షుడు రాడు, ప్రత్యేక ప్రతినిధి వస్తాడు. ఒక్క పేరు మీదే ఇంత సర్దుబాటు చేసుకున్న వేదికలో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఎంత సున్నితమైన పనో వేరే చెప్పనక్కర్లేదు.

అదే 1991లో భారత్ విదేశీ మారకం కరవై సంస్కరణల బాట పట్టింది. ప్రధాని పి.వి. నరసింహారావు తూర్పు వైపు చూపు మళ్లించారు. 1992లో ఆసియాన్‌లో రంగాలవారీ భాగస్వామి, 1995లో పూర్తి సంభాషణ భాగస్వామి. 1994 సెప్టెంబరులో సింగపూర్‌లో ఆయన చేసిన ప్రసంగం మొత్తం ఆసియా-పసిఫిక్‌తో భారత్ కొత్త బంధం గురించే. అపెక్ తలుపు తట్టడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. అయితే లోపల తలుపు మూసే పని అప్పటికే జరుగుతోంది. 1993లో మూడేళ్లపాటు కొత్త సభ్యత్వాలు ఆపారు. 1997లో వాంకూవర్‌లో పెరూ, రష్యా, వియత్నాంలకు సరేనని, అక్కడే ఆ తర్వాతి చేరికల మీద పదేళ్ల నిషేధం పెట్టారు. ఆ మూడూ 1998లో చేరాయి. భారత్‌కు అసలైన దెబ్బ ఈ నిషేధమే. సభ్యుల సంఖ్య 21 దగ్గర ఆగిపోయింది.

ఆ గడువు 2007లో తీరాలి. సిడ్నీలో దాన్ని 2010 దాకా పొడిగించారు. 2010లో యొకొహామాలో నాయకులు సభ్యత్వ విషయాన్ని ముందుముందు సమీక్షిస్తూ ఉంటామన్నారు. నిషేధం కాగితం మీద ముగిసింది, దరఖాస్తు తీసుకునే ప్రక్రియ మాత్రం మొదలు కాలేదు. గడువు పొడిగించి ఉంటే కనీసం మళ్లీ అడగడానికి ఒక తేదీ ఉండేది.

అభ్యంతరాలు ఏమిటి? మొదటిది భూగోళం. దరఖాస్తుదారు ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో ఉండాలన్నది 1997 నాటి ప్రమాణాల్లో ఒకటి. వ్లాదివొస్తోక్ రేవున్న రష్యాకు ఆ చిక్కు రాలేదు, భారత్‌కు పసిఫిక్ తీరం లేదు. రెండోది వరస. భారత్‌ను పిలిస్తే కొలంబియా వంటివి కూడా క్యూలో ఉన్నాయి. పైగా అపెక్‌లో ఓటింగ్ లేదు, అంతా ఏకాభిప్రాయమే, 21 మందిలో ఒక్కరు కాదన్నా అడుగు పడదు. మూడోది సుంకాలు. నిజాయతీగా చెప్పాలంటే ఇదే బరువైనది. భారత్ సగటు దిగుమతి సుంకం 2023లో సుమారు 17 శాతం, వ్యవసాయ సరుకుల మీద అయితే దానికి రెట్టింపు పైమాటే. 2014 జులైలో ప్రపంచ వాణిజ్య సంస్థలో వాణిజ్య సౌలభ్య ఒప్పందాన్ని ఆపడం, 2019 నవంబరులో ఆసియాన్, చైనా, జపాన్ వంటివి ఉన్న ప్రాంతీయ వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్ చర్చల నుంచి బయటకు రావడం ఆ అనుమానాన్ని ఇంకా పెంచాయి. రైతుల పక్షాన ఆ నిర్ణయాలకు బలమైన కారణాలున్నాయి. కానీ చేరాలనుకునేవాళ్లు సుంకాలు ఎలా తగ్గిస్తారో కార్యాచరణ ప్రణాళికలో రాసివ్వాల్సిన వేదిక అది. హామీలకు చట్టబద్ధత లేకపోయినా తోటి సభ్యులు వాటిని వరస పెట్టి పరిశీలిస్తారు.

ఇక పిలుపుల సంగతి. 2014లో బీజింగ్ శిఖరాగ్రానికి చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ పిలిచినా ప్రధాని మోదీ వెళ్లలేదు. 2015 జనవరిలో ఢిల్లీకి వచ్చిన ఒబామా, అపెక్‌లో చేరాలన్న భారత్ ఆసక్తిని స్వాగతిస్తున్నట్టు ఉమ్మడి ప్రకటనలో రాయించారు. 'స్వాగతిస్తున్నాం' అంటే 'మద్దతిస్తున్నాం' అని కాదు, దౌత్యభాషలో ఆ తేడా చాలా పెద్దది. 2023లో శాన్‌ఫ్రాన్సిస్కోకు భారత్ అతిథిగా వెళ్లింది, వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ హాజరయ్యారు.

బయట ఉండటం వల్ల జరిగే నష్టాన్ని చూడాలంటే విమానాశ్రయం చాలు. అపెక్ వ్యాపార ప్రయాణ కార్డు ఐదేళ్లు చెల్లుతుంది. పూర్తిగా చేరిన 19 చోట్ల వేరే వీసా లేకుండా వ్యాపారం మీద సాధారణంగా 60 నుంచి 90 రోజులు ఉండవచ్చు, ఇమిగ్రేషన్ దగ్గర వరస కూడా వేరు. అమెరికా, కెనడా మాత్రం ఆ వేగపు వరస వరకే ఇస్తాయి, వీసా మినహాయింపు ఇవ్వవు. మలేసియా కంపెనీ మేనేజరు ఆ కార్డుతో టోక్యో, సియోల్, జకార్తా తిరిగొస్తాడు. హైదరాబాద్ నుంచి అదే పని మీద వెళ్లే భారతీయుడు ఏ దేశానికి ఏ అనుమతి కావాలో విడివిడిగా చూసుకొని, ఆహ్వాన పత్రాలూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ జోడించి పంపాలి.