పైలట్ల రేడియో పరీక్ష ఇన్నాళ్లూ టెలికాం శాఖ చేతిలో ఎందుకుంది?

కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి చదివేవాళ్లను కదిపితే నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ పేపర్ల గురించి తీరిగ్గానే చెబుతారు. విమానంలోని రేడియోలో మాట్లాడే అర్హత ఇచ్చే ఆర్‌టీఆర్ పరీక్ష పేరెత్తగానే టెన్షన్ మొదలవుతుంది. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ పెట్టే పేపర్లన్నీ 70 శాతంతో గట్టెక్కినా, 200 గంటలు ఎగిరొచ్చినా ఈ రేడియో సర్టిఫికెట్ లేనిదే లైసెన్స్ ఫైలు కదలదు. విచిత్రమేమిటంటే, మొన్నమొన్నటిదాకా ఈ పరీక్ష విమానయాన శాఖది కాదు, టెలికాం శాఖది.

ఈ మెలిక బ్రిటిష్ కాలం నాటిది. తంతి వ్యవస్థంతా ప్రభుత్వ గుప్పిట్లో ఉండేలా 1885లో టెలిగ్రాఫ్ చట్టం తెచ్చారు. వైర్‌లెస్ వచ్చాక 1933లో దానికి విడిగా ఇంకో చట్టం చేశారు. లైసెన్స్ లేకుండా సెట్ దగ్గర పెట్టుకోవడమే నేరమైంది. మరుసటి ఏడాదే విమానాల చట్టం వచ్చింది. అలా విమానం ఒక చట్టం కిందా, అందులోని రేడియో మరో చట్టం కిందా పడ్డాయి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ పంపకం మారలేదు. 1952లో ఏర్పడ్డ టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం రేడియో తరంగాల పెత్తనంతో పాటు ఈ పరీక్షనూ చూసుకుంది.

అప్పట్లో అందులో అర్థముంది. పెద్ద విమానాల్లో చుక్కలు, గీతల మోర్స్ సంకేతాలు కొట్టడానికి రేడియో ఆఫీసర్ విడిగా ఉండేవాడు. నేరుగా మాట్లాడే వీలొచ్చాక ఆ పని పైలట్ మీద పడింది, ఆఫీసర్ సీటు పోయింది. టెలికాం శాఖ వాటా మాత్రం పోలేదు.

పరీక్ష చూడ్డానికి చిన్నదే. ఎదురుగా ఎగ్జామినర్ కంట్రోలర్ పాత్రలో మాట్లాడుతుంటాడు. ఇంజిన్‌కి మంట అంటుకుందనగానే అభ్యర్థి ప్రమాదంలో ఉన్నామని చెప్పే ‘మేడే’ పిలుపును మూడుసార్లు పలికి కాల్‌సైన్ (రేడియోలో విమానం పేరు), ఇబ్బంది, ఉన్నచోటు, ఎత్తు, ఏం చేయబోతున్నాడో తడబడకుండా చెప్పాలి. విమానం వివరాలను రాడార్‌కు పంపే ట్రాన్స్‌పాండర్‌లో ఎమర్జెన్సీ కోడ్ 7700 పెట్టాలి. రేడియో పనిచేయకపోతే 7600. తర్వాత ఓరల్.

ఈ మాటల విలువేమిటో 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర తెలిసొచ్చింది. ఢిల్లీ నుంచి పైకి లేస్తున్న సౌదీ విమానానికి 14,000 అడుగులు, దిగుతున్న కజక్ విమానానికి 15,000 అడుగులు కేటాయించారు. కజక్ విమానం ఇచ్చిన ఎత్తు కంటే కిందికి దిగిపోయింది. అందులో టవర్‌తో మాట్లాడింది పైలట్లు కాదు, ఇంకా విడిగా ఉన్న రేడియో ఆపరేటర్. అతని సీటు ముందు ఎత్తు చూపే మీటరే లేదు. రెండు విమానాలూ ఢీకొని వాటిలోని 349 మందీ చనిపోయారు. ఆ తర్వాతే అంతర్జాతీయ పైలట్లకు ఇంగ్లిష్ మాట్లాడే సామర్థ్యంలో కనీసం లెవెల్ 4 ఉండాలన్న నిబంధన వచ్చింది.

2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే కొత్త చట్టం 1934 నాటి విమానాల చట్టాన్ని పక్కకు తప్పించి ఆర్‌టీఆర్‌ను డీజీసీఏకు అప్పగించింది. ఎప్పుడో చేయాల్సిన పని. అయితే విద్యార్థుల అసలు గొడవ శాఖ గురించి కాదు. మిగతా పేపర్లను కంప్యూటర్ దిద్దుతుంది, ఇక్కడ పాసా ఫెయిలా అన్నది ఎదురుగా కూర్చున్న మనిషి వినికిడి మీద, ఆయన వేసే ప్రశ్నల మీద ఆధారపడుతుంది. మార్కులు ఎలా వేస్తారో చట్టం చెప్పదు, ఆ పని ఇక డీజీసీఏదే.