ఇంకా తెరవని సమాధి

1974 మార్చిలో చైనాలోని షియాన్ దగ్గర కొందరు రైతులు బావి తవ్వుతుంటే నీళ్లకు బదులు మట్టిబొమ్మల ముక్కలు, కంచు బాణాల మొనలు బయటపడ్డాయి. అదే ఇవాళ ఫొటోల్లో మనం చూసే మట్టి సైన్యం, ఒక చక్రవర్తికి కాపలాగా పాతిపెట్టిన మట్టి సైనికుల బొమ్మలు. దాన్నే ఆ చక్రవర్తి సమాధి అనుకుంటారు చాలామంది. కాదు, అసలు సమాధి అక్కడికి పడమరగా కిలోమీటరున్నర దూరంలో ఒక పెద్ద మట్టిదిబ్బ కింద ఉంది, దాన్ని ఇంతవరకూ ఎవరూ తవ్వలేదు.

ఆ చక్రవర్తి పేరు చిన్ షి హువాంగ్. పదమూడేళ్లకే రాజై, క్రీ.పూ. 221 నాటికి మిగతా రాజ్యాలన్నీ గెలిచి చైనాను ఒక్కటి చేసి, క్రీ.పూ. 210లో చనిపోయాడు.

మరి యాభై ఏళ్లు గడిచినా సమాధి ఎందుకు తెరవలేదు? భయం వల్ల కాదు. జవాబు ఆ సైనికుల ఒంటి మీదే ఉంది. ఇప్పుడు ఉత్త మట్టిరంగులో కనిపిస్తున్నారు గానీ చేసినప్పుడు ఒక్కొక్కరికీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా రంగులు వేశారు. ముందు ఒక రకం చెట్టుకు గాట్లు పెడితే కారే పాలతో నల్లటి పూత పూసి, దాని మీద రంగులద్దారు. రెండు వేల ఏళ్లు తడి మట్టిలో నానిన ఆ పూత బయటి పొడి గాలి తగలగానే ఎండిపోయి, నిమిషాల్లోనే ముడుచుకుని, రంగుతో సహా పెచ్చులుగా లేచి రాలిపోతుంది. మొదట తవ్వినవాళ్లకు దీన్ని ఆపడం ఎలాగో తెలియదు, రంగు చాలావరకు అలాగే పోయింది. తర్వాత జర్మన్ నిపుణులతో కలిసి పనిచేసి, బొమ్మ బయటపడగానే తడి ఆరనివ్వకుండా ప్లాస్టిక్ చుట్టి, పాలీఇథలీన్ గ్లైకాల్ అనే రసాయనం పట్టించి పూతను నిలబెట్టడం నేర్చుకున్నారు. మోకాలి మీద కూర్చున్న విలుకాడి బొమ్మను వెనక నుంచి చూడండి, చెప్పు అడుగున కుట్లు కూడా చుక్క చుక్కగా చెక్కి ఉంటాయి. ఎవరి కంటా పడని అరికాలికే అంత శ్రద్ధ పెట్టినవాళ్లు ముఖాలకు ఎలాంటి రంగులు వేశారో తలుచుకుంటే, పోయినదాని మీద నాకు నిజంగా బాధేస్తుంది.

అందుకే సమాధి విషయంలో ఆగడమే మంచిదని నా అభిప్రాయం. పైగా లోపల విషమైన పాదరసం ఉండొచ్చు. చక్రవర్తి పోయిన వందేళ్లకు సీమా చియెన్ అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు: పైకప్పు మీద నక్షత్రాలు, కింద పాదరసంతో పారే నదులు, సముద్రం, దొంగలు వస్తే వాటంతట అవే బాణాలు వదిలే యంత్రాలు అని. చాలాకాలం ఇదంతా కథే అనుకున్నారు. 1980ల మొదట్లో దిబ్బ మీది మట్టిని పరీక్షిస్తే పాదరసం చుట్టుపక్కల నేలలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజాన్ని కాల్చి పాదరసం తీయడం అప్పటివాళ్లకు తెలిసిన విద్యే. సైనికుల ఎర్ర రంగుకు వాడిందీ ఆ ఇంగిలీకమే.

2020లో వచ్చిన ఒక పరిశోధన ఇంకో అడుగు ముందుకేసింది. నేలను ముట్టుకోకుండా, దూరం నుంచి లేజర్ కిరణాలు పంపి దిబ్బ మీది గాలిని కొలిచారు. ఆ చుట్టుపక్కల గాలిలో పాదరసం ఘనపు మీటరుకు 5 నుంచి 10 నానోగ్రాములుంటే, దిబ్బ మీద కొన్నిచోట్ల 27 దాకా ఉంది. కాలక్రమంలో ఏర్పడ్డ పగుళ్లలోంచి, లోపలి పాదరసం ఆవిరై ఇప్పటికీ కొద్దికొద్దిగా పైకి వస్తూ ఉండొచ్చని వాళ్ల అంచనా.