అరుగుదలను తానే సరిదిద్దుకునే బ్రేకు

కారు ముందు చక్రానికి కొత్తగా వేసిన బ్రేక్ ప్యాడ్ మీద రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్ల దగ్గరకు వచ్చేసరికి మెకానిక్ మార్చమంటాడు. అంటే వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఒక్కో ప్యాడ్ 7 మిల్లీమీటర్లు అరిగిపోయింది. అయినా మొదటి రోజు పెడల్ ఎంత దిగిందో ఇప్పుడూ దాదాపు అంతే దిగుతుంది. మధ్యలో ఎవరూ స్క్రూ బిగించలేదు, వైరు లాగలేదు. మరి ఆ ఖాళీని పూడ్చింది ఎవరు?

పూడ్చకపోతే ఏమవుతుందో లెక్క వేస్తే ప్రశ్న ఎంత పెద్దదో తెలుస్తుంది. కాలితో 20 కిలోల బలం వేశామనుకుందాం. పెడల్ మీట దాన్ని నాలుగింతలు చేస్తుంది. ఆ 80 కిలోలు పెడల్ వెనక ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌లోని 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పిస్టన్ మీద పడితే బ్రేక్ ఆయిల్‌లో చదరపు సెంటీమీటరుకు 25 కిలోల పీడనం పుడుతుంది. పాస్కల్ చెప్పినట్టు ఆ పీడనం ద్రవం అంతటా సమానం. కాబట్టి చక్రం దగ్గర ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌లోని 54 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పిస్టన్ ప్యాడ్‌ను దాదాపు 580 కిలోల బలంతో, చక్రంతోపాటు తిరిగే డిస్క్‌కు అదుముతుంది. కాలి బలాన్ని పెంచే బూస్టర్ సాయాన్ని ఇందులో కలపలేదు. కానీ బలం ఎన్ని రెట్లు పెరిగిందో కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. ప్యాడ్లకూ డిస్క్‌కూ మధ్య మొత్తం 5 మిల్లీమీటర్ల ఎడం ఉంటే, రెండు ముందు చక్రాల పిస్టన్లను అంత దూరం జరపడానికే 23 ఘన సెంటీమీటర్ల ఆయిల్ కావాలి. అంత ఆయిల్ పంపాలంటే మాస్టర్ సిలిండర్ పిస్టన్ 7 సెంటీమీటర్లకు పైగా, పెడల్ సుమారు 29 సెంటీమీటర్లు కదలాలి. ఏ కారులోనూ అంత చోటు లేదు. అందుకే ప్యాడ్ ఎప్పుడూ డిస్క్‌ను దాదాపు ఆనుకునే ఉండాలి. అయితే పూర్తిగా ఆనుకుంటే చక్రం పట్టేస్తుంది, డిస్క్ కాలిపోతుంది. కొత్త ప్యాడ్ అయినా అరిగిన ప్యాడ్ అయినా ఆ సన్నటి ఎడం మాత్రం మారకూడదు.

ఈ పని చేసేది కాలిపర్ లోపలి గాడిలో కూర్చున్న ఒక రబ్బరు రింగు. ఆయిల్ కారకుండా ఆపడమే దాని ఉద్యోగం అని చాలామంది అనుకుంటారు. దాన్ని అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాకుండా చదరంగా కనిపిస్తుంది. గాడి అంచును కూడా ప్యాడ్ ఉన్న వైపు కాస్త ఏటవాలుగా చెక్కి ఉంచుతారు. పెడల్ నొక్కగానే పిస్టన్ ముందుకు జరుగుతుంది. రింగు దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక తానూ ఆ ఏటవాలు వైపు వంగుతుంది. పెడల్ వదలగానే పీడనం పోయి రబ్బరు మళ్ళీ నిటారుగా నిలబడుతుంది, తనతోపాటు పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. ఆ లాగేది మిల్లీమీటరులో ఏవో కొన్ని పదో వంతులే. చక్రం స్వేచ్ఛగా తిరగడానికి అది చాలు.

ప్యాడ్ అరిగినప్పుడు పిస్టన్ ఇంకొంచెం ముందుకు వెళ్ళాలి. రింగు తాను వంగగలిగినంత వంగుతుంది. ఆ తరువాత పట్టు జారి, పిస్టన్ రింగులోంచి కొద్దిగా ముందుకు జారుతుంది. వదిలినప్పుడు మాత్రం రింగు ఎప్పటి కొలతే వెనక్కి లాగుతుంది. అంతే, కొత్త స్థానం ఖరారైంది. స్ప్రింగు లేదు, పళ్ళచక్రం లేదు. ఇంత తక్కువ సామగ్రితో ఇంత కచ్చితంగా పని జరిగే ఏర్పాటు యంత్రాల్లో నాకు మరొకటి కనిపించలేదు. రింగు వయసు పైబడి గట్టిపడినా, పిస్టన్ తుప్పు పట్టినా ఈ వెనక్కి లాగే గుణం పోతుంది. అప్పుడు ఒక చక్రం మిగతావాటికన్నా వేడెక్కుతుంది.

వెనక చక్రాల కాలిపర్‌లోనే హ్యాండ్ బ్రేక్ ఉంటే రబ్బరు ఒక్కటే సరిపోదు. అక్కడ పిస్టన్ లోపల మర ఉన్న కడ్డీ, నట్టు ఉంటాయి. ప్యాడ్ అరిగినకొద్దీ నట్టు తిరిగి ముందుకు జరుగుతుంది. అలాంటి పిస్టన్‌ను ప్యాడ్లు మార్చేటప్పుడు బిగింపు పెట్టి నొక్కకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి. తెలియక నొక్కితే లోపలి మర పాడవుతుంది.

అసలైన కష్టం లారీలు, బస్సుల ఎయిర్ డిస్క్ బ్రేకుల్లో ఉంది. అక్కడ కాలిపర్‌లో ఆయిల్ లేదు. బ్రేక్ చాంబర్‌లోకి వచ్చిన గాలి ఒక మీటను తోస్తుంది, మీట ఆ బలాన్ని సుమారు 15 రెట్లు పెంచుతుంది. చాంబర్‌లో గాలి తోసే 155 చదరపు సెంటీమీటర్ల రబ్బరు పొర (డయాఫ్రమ్) మీద 6 బార్ల గాలి పడితే ప్యాడ్ మీద దాదాపు 14 టన్నుల ఒత్తిడి. అంత బలానికి దిట్టమైన పోత ఇనుప కాలిపర్ కూడా కాస్త సాగుతుంది, ప్యాడ్ అణుగుతుంది. ఆ సాగుదలను అరుగుదలగా పొరబడి సర్దుబాటు చేసేస్తే, బ్రేకు వదిలాక కాలిపర్ యథాస్థితికి వచ్చి ప్యాడ్లు డిస్క్‌ను పట్టేస్తాయి. పైగా డ్రమ్ బ్రేకుల్లో వేడికి డ్రమ్ము వ్యాకోచిస్తే దాన్ని లోపలి నుంచి అదిమే షూలకు దూరం జరుగుతుంది, డిస్క్ వ్యాకోచిస్తే ప్యాడ్లకు దగ్గరవుతుంది. తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డు లాంటి చోట ఎడం లేకపోవడం ప్రమాదమే.

అందుకని మీట మొదట కొంత దూరం ఉత్తినే తిరిగేలా చేస్తారు. ఉండాల్సిన ఎడానికి సరిపడే కదలిక అది. దాన్ని దాటి తిరిగితే ప్యాడ్ అరిగిందని అర్థం. అప్పుడు సైకిల్ వెనక చక్రంలోని ఫ్రీవీల్‌లా ఒకే వైపు పట్టుకునే క్లచ్ సర్దుబాటు మరను కొద్దిగా తిప్పుతుంది. ప్యాడ్లు డిస్క్‌ను తాకి బలం పెరగగానే మర మీద రాపిడి ఎక్కువై అది బిగుసుకుంటుంది. దానితో, ఆ కదలికను మరకు అందించే రెండో క్లచ్ జారిపోతుంది, మర ఇక తిరగదు. అంటే బలం పుట్టకముందు జరిగిన అదనపు కదలిక మాత్రమే అరుగుదలగా లెక్కకు వస్తుంది, బలం పుట్టాక జరిగేది సాగుదల. ఈ తేడాను కంప్యూటర్ లేకుండా, కేవలం రాపిడితో తేల్చడం ఈ రూపకల్పనలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునే అంశం. ఎడం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా నిలుస్తుంది. ఈ మరను చేత్తో సర్దడానికి ఉన్న తలకాయను ఎయిర్ గన్‌తో తిప్పితే ఈ సున్నితమైన క్లచ్‌లే విరుగుతాయి. అందుకే చేతి స్పానరే వాడాలి.

కారు సంగతికి వస్తే, ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ వెనక ఖాళీలోకి ఆయిల్ చేరి, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంది. మట్టం తగ్గగానే ఆయిల్ పోసేయకుండా ముందు ప్యాడ్లు చూడాలి, ఎక్కడైనా కారుతోందేమో కూడా చూడాలి. పోసేశాక ప్యాడ్లు మారిస్తే పిస్టన్లు వెనక్కి వెళ్ళి ఆయిల్ పొంగి, పెయింట్ మీద పడి దాన్ని తినేస్తుంది. కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే పిస్టన్లు ఇంకా లోపలే ఉంటాయి కనుక మొదటి తొక్కుకు పెడల్ కింది దాకా దిగిపోతుంది. బండిని కదిలించకముందే, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాలి.