బొమ్మ పాఠంలోకి ఎన్నిసార్లు వచ్చింది?

విజయవాడ, గుంటూరుల్లో చిన్న తరగతుల పిల్లలున్న ఇళ్లకు ‘ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్టు’ అన్న మాట బాగా అలవాటైపోయింది. స్కూలు గ్రూపులో మెసేజ్ పడగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. చార్టు, థర్మాకోల్, గ్లిట్టర్ పెన్నుల కోసం ఎవరో ఒకరు బజారుకు పరుగెత్తుతారు. బొమ్మ సగానికి పైగా అమ్మే వేస్తుంది, కింద పేరు మాత్రం పిల్లాడిది. ఇదేదో ఈమధ్య పుట్టుకొచ్చిన తలనొప్పి అనుకునేవాళ్లే ఎక్కువ. కానీ బొమ్మల ద్వారా లెక్కలు, సైన్సు, తెలుగు చెప్పాలన్న ఆలోచన మన బళ్లలోకి ఇంతకుముందు కూడా వచ్చింది, అదీ ఒకసారి కాదు. వచ్చిన ప్రతిసారీ కొన్నాళ్లకు గోడ మీది అలంకారంగానో, రిజిస్టర్‌లో గ్రేడుగానో మిగిలిపోయింది.

అసలు ఉద్దేశం ఏమిటో ముందు చూద్దాం. అన్ని సబ్జెక్టుల్లోని భావనలు నేర్పడానికి కళను ఆధారం చేసుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం అంటుంది. పాఠం అయిపోయాక దానికి బొమ్మ తగిలించమని అందులో ఎక్కడా లేదు. మనకు దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. అమరావతి స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె స్తంభాల మీద పూర్తి పద్మాలు, అర్ధ పద్మాలు చెక్కారు. నాలుగో తరగతి పిల్లలకు గుండ్రటి కాగితం ఇచ్చి ఆ పద్మం గీయమంటే, దాన్ని సగానికి, పావుకు, ఎనిమిదో వంతుకు మడవాల్సిందే. రేకులు ఒకటి లావుగా, ఒకటి సన్నగా వస్తే తప్పెక్కడుందో వాళ్లే వెతుక్కుంటారు. భిన్నాల పాఠం అక్కడే మొదలైపోతుంది. ఆ శిల్పాల్లోని బళ్లు, కుండలు, నగలు చూసి గీయమంటే అది సాంఘిక శాస్త్రం. (ఆ శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై మ్యూజియంలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. మన పిల్లలు చాలావాటిని ఫొటోల్లోనే చూడాలి.)

మరి మన బళ్లలో డ్రాయింగ్ అంటే ‘చూసి అచ్చుగుద్దినట్టు వేయడం’ అన్న అభిప్రాయం ఎక్కడి నుంచి వచ్చింది? దాని వేరు మద్రాసులో ఉంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు అక్కడ ఆర్ట్ స్కూలు పెట్టాడు. కొద్ది రోజుల్లోనే అది పారిశ్రామిక కళలను కూడా నేర్పే స్కూలైంది. చెయ్యి తిరిగిన పనివాళ్లు, డ్రాఫ్ట్స్‌మన్లు తయారవడం ఆనాటి అవసరం. మన ప్రాంతమంతా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ ధోరణి చాయలు ప్రభుత్వ పరీక్షల విభాగం ఇప్పటికీ నడిపే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షల్లో కనిపిస్తాయి. ఆ పరీక్షలు పాసై, టీటీసీ అనే టీచర్ శిక్షణ చేసినవాళ్లు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టార్లయ్యారు. డ్రాయింగ్ మాస్టారి పీరియడ్ వేరు, లెక్కల మాస్టారి పీరియడ్ వేరు. ప్రాథమిక బడికైతే ఆ మాస్టారే లేడు.

ఇంకో దారి కూడా మన దగ్గరే మొదలైంది. కోపల్లె హనుమంతరావు పూనికతో 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. చదువుతోపాటు చేతిపనులు, చిత్రకళ ఉండాలన్నది దాని పద్ధతి. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ ఛటర్జీ అక్కడ చిత్రకళ నేర్పాడు, తర్వాతి కాలంలో అడివి బాపిరాజు ప్రిన్సిపాల్‌గా చేశాడు. అయితే అది పెద్ద పిల్లల చదువు, ఒకటో తరగతి దాకా దిగిరాలేదు.

అక్కడిదాకా దిగినది వార్ధా పథకం. 1937 అక్టోబరులో గాంధీ పిలిచిన విద్యా సమావేశం, ఆ వెంటే జాకిర్ హుస్సేన్ కమిటీ ఇచ్చిన సిలబస్ ఒక చేతిపనిని మధ్యలో పెట్టి మిగతా సబ్జెక్టులను దానికి కలిపి చెప్పమన్నాయి. డ్రాయింగ్ అందులో తప్పనిసరి అంశం. నూలు వడికేటప్పుడు పోగుల లెక్క గణితం, పత్తి ఎక్కడ పండుతుందన్నది భూగోళం. ఆలోచన బాగుంది. చేతికి బాగా చేరింది మాత్రం రాట్నమే, కుంచె వెనకబడింది.

దాన్ని నిజంగా దెబ్బతీసింది 1953 అని నా అభిప్రాయం. ఆ ఏడాది రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రపు పల్లె బళ్లలో చదువును మూడు గంటలకు తగ్గించి, మిగతా సమయం పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలంది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా విడిపోలేదు. ఇది కులవృత్తి చదువని గట్టి వ్యతిరేకత వచ్చింది. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక పథకం రద్దయింది. చేతిపని అంటే ‘మా పిల్లల్ని మళ్లీ మగ్గం గుంటలోకి, కుమ్మరి సారె దగ్గరికి తోస్తారా’ అన్న అనుమానం అలా బలపడింది. ఆ అనుమానంలో న్యాయం ఉంది. బడికి పంపే తల్లిదండ్రులు కోరుకున్నది ఇంగ్లిషు, లెక్కలు. బొమ్మలు, బంకమట్టి కోసం పిల్లల్ని బడికి పంపినవాళ్లు అరుదు.

తర్వాతి ప్రయత్నాన్ని ఇప్పుడు ఎవరూ పెద్దగా తలచుకోరు, కానీ వీటన్నిటిలో తరగతి గదికి బాగా దగ్గరగా వచ్చింది అదే. 1980ల నడుమ బ్రిటిష్ సాయంతో మొదలై, ఆ దశాబ్దం చివరికి రాష్ట్రమంతా పాకిన ఏపీపెప్, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. దానికి ఆరు బోధనా సూత్రాలు ఉండేవి. చేస్తూ నేర్చుకోవడం, జట్లుగా పనిచేయడం, పరిసరాలను వాడుకోవడంతోపాటు పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించడం కూడా అందులో ఒకటి. టీచర్లు తరగతిలో ఏం చేశారో మాట్లాడుకోవడానికి టీచర్ సెంటర్లు పెట్టారు. ఆకులు, గింజలు, అగ్గిపుల్లలతో చేసిన సామగ్రి బడికి వచ్చింది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే అధికారి కంటికి ముందు ఆనేది మాత్రం గోడ. దాంతో ‘ప్రదర్శన’ సూత్రం మిగతా ఐదింటినీ మింగేసింది. పిల్లలు వేసినవాటి స్థానంలో టీచర్లు రాత్రిళ్లు కూర్చుని వేసిన చార్టులు వేలాడాయి. బోధనాభ్యసన సామగ్రి మేళాల్లో ఈ జబ్బు ఇప్పటికీ పోలేదు.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలను పదో తరగతి దాకా చదువులో భాగం చేయాలని, ప్రాథమిక దశలో మిగతా పాఠాలతో కలిపి చెప్పాలని చెప్పింది. దాని వెలుగులో 2011లో రాష్ట్ర చట్రం, ఆ వెంట కొత్త పుస్తకాలు వచ్చాయి. పరిసరాల విజ్ఞానం పాఠాల చివర సాధించాల్సిన సామర్థ్యాల్లో ‘బొమ్మలు గీయడం, నమూనాలు తయారుచేయడం’ అని విడిగా పెట్టారు. అది చిన్న విషయం కాదు, బొమ్మను సబ్జెక్టు లోపలే పెట్టారు. అయితే ఏడాది నడుమ బడిలోనే జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో 50 మార్కులుంటే ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు 20. ‘పటం గీసి భాగాలు గుర్తించండి’ అన్న ప్రశ్నకు గైడులోని పువ్వు బొమ్మను చూసి దించితే సరిపోయేది. కిటికీ బయటి మందారం కోసుకొచ్చి, విప్పి, చూసి గీయడానికి ఒక పీరియడ్ చాలదు. సిలబస్ అవ్వదు.

చట్టం కూడా ఇక్కడ ఒక ఖాళీ వదిలింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడిలో వందమందికి పైగా పిల్లలుంటే కళా విద్యకు పార్ట్ టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండాలంటుంది. ఒకటి నుంచి ఐదుకు అలాంటి నియమం లేదు. అంటే చిన్న పిల్లల దగ్గర ఈ పనంతా ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్‌జీటీ టీచరుదే. నా లెక్కలో అది లోపం కాకపోవచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకే మనిషి చెప్పే చోటే పద్మం నుంచి భిన్నాలకు, అక్కడి నుంచి పద్యానికి వెళ్లడం తేలిక. కార్పొరేట్ స్కూళ్లు మూడో తరగతి నుంచే సబ్జెక్టుకో టీచర్‌ని పెట్టి ఈ వీలును పోగొట్టాయి. 2022లో 117 జీవోతో ప్రభుత్వ బళ్లలోనూ మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు.

సీబీఎస్‌ఈ సంగతి వేరు. 2019లో కళలతో కలిపి బోధించాలని చెప్పి, 2020లో పదో తరగతి దాకా ప్రాజెక్టులు తప్పనిసరి చేసింది. 9, 10 తరగతుల ప్రాజెక్టుల్లో జత రాష్ట్రపు కళ ఉండాలంది. రాష్ట్రాలను జతలుగా కలిపే కేంద్ర కార్యక్రమం ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’లో మనకు జత పంజాబ్. అలా విజయవాడ పిల్లలు ఫుల్కారీ కుట్టును ఇంటర్నెట్‌లో వెతికి అతికిస్తుంటే, పక్కనే ఉన్న కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కను ఆరబెట్టి, చింతగింజల బంక, రంపపు పొట్టు కలిపి అతుకులు వేసే పని వాళ్ల కంట పడకుండానే పోతుంది. చెక్కలో తేమ ఎందుకు పోగొట్టాలి, ఏ కర్ర తేలిక, ఏది బరువు అన్నవన్నీ ఐదో తరగతి సైన్సే.

2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి ‘బాంసురీ’ పేరుతో కళలకు ప్రత్యేక పుస్తకం తెచ్చింది. చిత్రకళ, సంగీతం, నృత్యం, నాటకం అన్నీ అందులో ఉన్నాయి. కళకు సొంత పుస్తకం, సొంత పీరియడ్ రావడం మంచిదే. పీరియడ్ వచ్చింది కాబట్టి ఇక లెక్కల పీరియడ్‌లో బొమ్మ అక్కర్లేదని స్కూళ్లు తేల్చేస్తే, హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారి దగ్గర జరిగిందే మూడో తరగతిలోనూ జరుగుతుంది.