బూస్టర్ సీట్ల వివాదం: పరీక్ష నెగ్గినా బెల్టు కుదరని కథ

కారు సీటు మీద పెట్టి పిల్లలను కాస్త ఎత్తులో కూర్చోబెట్టే బూస్టర్ సీట్లకు, కారు పక్కభాగం దెబ్బతినే ప్రమాదాల పరీక్షను తప్పనిసరి చేయాలా, వీపు భాగం లేని బూస్టర్లను అసలు అమ్మనివ్వాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. సీటు బెల్టు ఎప్పుడు పుట్టిందో, పసిబిడ్డల సీట్లు ఎలా వచ్చాయో చాలామందికి తెలిసిందే కనుక ఆ తొలినాళ్ల సంగతులను పక్కన పెడదాం. ఇవాళ్టి పేచీ మూలం అర్థం కావాలంటే చూడవలసిన సంవత్సరం 2008.

అంతకన్నా ముందు బూస్టర్ ఏం చేస్తుందో ఒక మాట చెప్పుకోవాలి. పెద్దల ఒంటికి తగ్గట్టు అమర్చిన బెల్టు పిల్లల ఒంటి మీద సరైన చోట ఆనేలా చేయడమే దాని పని. నడుము పట్టీ కడుపు మీద కాకుండా తొడల మొదట్లో, తుంటి ఎముకలను ఆనుకొని ఉండాలి. భుజం పట్టీ మెడను ఒరుసుకోకుండా, అంచు నుంచి జారిపోకుండా భుజం మధ్యగా దిగాలి. చిన్నపిల్లల తుంటి ఎముక ముందు అంచు పెద్దవాళ్లలో ఉన్నంతగా ఎదిగి ఉండదు కనుక, దెబ్బ తగిలినప్పుడు పట్టీ పట్టు తప్పి కడుపు మీదికి జారుతుంది, పేగులూ వెన్నుపూసలూ గాయపడతాయి. అంతగా ప్రచారంలోకి రాని సంగతి ఇంకొకటి ఉంది. కారు వెనుక సీటు లోతు పిల్లల తొడల పొడవు కంటే ఎక్కువ. మోకాళ్లు మడవడానికి వీలులేక వాళ్లు ముందుకు జారి, నడుము వాల్చి కూర్చుంటారు, దాంతో పట్టీ మళ్లీ కడుపు మీదికే వస్తుంది. కాబట్టి బూస్టర్ ఎత్తు పెంచితే చాలదు, కూర్చునే చోటు లోతును తగ్గించడం కూడా అంతే ముఖ్యం.

2008లో అమెరికాలోని బీమా కంపెనీల నిధులతో నడిచే హైవే భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 41 బూస్టర్లను పరిశీలించింది. ఏ కారునూ దేనికీ ఢీకొట్టించలేదు. ఆరేళ్ల పిల్లల కొలతలున్న డమ్మీని ఒక్కొక్క సీటులో కూర్చోబెట్టి, కార్లలో బెల్టు బిగించే చోట్లు మారినప్పుడల్లా పట్టీ ఒంటి మీద ఎక్కడ పడుతోందో కొలిచింది, అంతే. 13 సీట్లను వాడవద్దని చెప్పింది; నిస్సందేహంగా ఉత్తమమని చెప్పగలిగినవి పది మాత్రమే. అవన్నీ చట్టబద్ధంగా అమ్ముడవుతున్న సీట్లే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నలోనే విషయమంతా ఉంది. పిల్లల సీట్లకు అమెరికా ప్రభుత్వం పెట్టిన 213వ నంబరు ప్రమాణం ప్రకారం గంటకు సుమారు 48 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా ఢీకొట్టే పరీక్ష జరుగుతుంది, అదీ ఒకే రకమైన పరీక్షా సీటు మీద, ఒకే రకంగా అమర్చిన బెల్టుతో. రోడ్డు మీది కార్లలో బెల్టులు అలా ఒకే తీరుగా ఉండవు.

ఆ జాబితా వెలువడ్డాక ఏ చట్టమూ మారలేదు గానీ సీట్ల రూపం మారింది. తయారీదారులు భుజం పట్టీని నడిపించే కొక్కేల స్థానాన్నీ, చేతులు ఆన్చుకునే భాగాల కింద నడుము పట్టీ దూరే సందునూ సరిదిద్దుకున్నారు. కొన్నేళ్లలోనే కొత్త మోడళ్లలో ఎక్కువ భాగం ఉత్తమ శ్రేణికి చేరాయి. బెల్టు ఎక్కడ ఆనుతోందన్నది రూపకల్పనతో తేలే విషయమేనని, అదేమీ అసాధ్యం కాదని అప్పుడు రుజువైంది.

తయారీదారుల వాదన వేరు. ప్రతి కారుకూ సరిపోయే సీటు చేయడం కుదరదని, తల్లిదండ్రుల పొరపాట్లే ఎక్కువ హాని చేస్తాయని, నిబంధనలు పెరిగి సీట్లు బరువెక్కి ఖరీదు పెరిగితే కుటుంబాలు బూస్టర్‌నే వదిలేస్తాయని వారంటారు. చివరి మాటను కొట్టిపారేయలేం. పొరపాట్ల సంగతి మాత్రం అంత తేలికగా ఒప్పుకోలేం: పట్టీ మెడకు ఒరుసుకుంటే ఏ పిల్లవాడైనా దాన్ని చంక కిందికో వీపు వెనక్కో నెట్టేస్తాడు, అది సీటు తీరు చేయించిన పొరపాటు.

పరీక్ష నెగ్గిన సీటే పనికిరాదని తేలడం అంతకుముందూ ఒకసారి జరిగింది. వెనుక సీట్లలో నడుము పట్టీ మాత్రమే ఉన్న 1980లలో, పొట్ట ముందు అడ్డుపలక ఉండే బూస్టర్లు విరివిగా అమ్ముడయ్యాయి. అవీ ప్రభుత్వ పరీక్ష నెగ్గినవే. 1996లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ వాటిని వాడవద్దని సూచించింది.

బూస్టర్ మేలు చేస్తుందా అన్న దానిపై ఇప్పుడు తగాదా లేదు. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు కేవలం సీటు బెల్టుతో పోలిస్తే గాయాల ముప్పు 59 శాతం తగ్గుతుందని 2003లో ఫిలడెల్ఫియా పరిశోధకులు తేల్చారు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వారిపై 2009లో వచ్చిన అధ్యయనం దాన్ని 45 శాతంగా చెప్పింది. తగాదా అంతా ఏ బూస్టర్, ఎప్పటి నుంచి అన్నదే.

పక్కభాగం దెబ్బతినే ప్రమాదాల విషయానికొస్తే, వాటి నుంచి పిల్లలకు రక్షణ పెంచడాన్ని పరిశీలించమని అమెరికా కాంగ్రెస్ 2000లోనే చెప్పింది, 2012లో గడువు పెట్టి మరీ ఆదేశించింది. తుది నిబంధన 2022లో గానీ రాలేదు. వచ్చిన నిబంధన సుమారు 18 కిలోల లోపు పిల్లల సీట్లకే వర్తిస్తుంది. 2023 డిసెంబరులో వచ్చిన మరో నిబంధన 18.4 కిలోల కంటే తక్కువ బరువున్న పిల్లలకు బూస్టర్‌ను సిఫారసు చేయరాదంది. ఈ రెండో నిర్ణయం మంచిదే, ఎందుకంటే అంత చిన్నపిల్లలకు సొంత పట్టీలున్న సీటే క్షేమం. అయితే రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, బూస్టర్‌గా వాడే సీటు ఏదీ పక్క దెబ్బ పరీక్ష పరిధిలోకి రాకుండా పోయింది. ప్రభుత్వ కొలమానం లేని ఈ ఖాళీలోనే కంపెనీలు తామే పెట్టుకున్న కొలతలతో పరీక్షించుకొని, ఆ మాటను ప్రకటనల్లో వాడుకున్నాయని 2020లో ప్రతినిధుల సభ ఉపసంఘం ఒకటి తప్పుపట్టింది.

ఐరోపా వేరే దారి పట్టింది. ఆర్129 నిబంధన కింద వీపు భాగమున్న బూస్టర్లకు పక్క దెబ్బ పరీక్ష ఉంది. 2017 నుంచి వీపు లేని కొత్త మోడళ్లకు 125 సెంటీమీటర్లు దాటిన పిల్లల కోసమే ఆమోదం దొరుకుతోంది. అక్కడ లెక్క బరువుతో కాక ఎత్తుతో సాగుతుంది.

నిజానికి బెల్టు ఒంటికి కుదిరే తీరుపై ప్రమాణం పెట్టాలో వద్దో పరిశీలించమని, ప్రమాదంలో చనిపోయిన నాలుగేళ్ల బాలుడి పేరు మీద 2002లో చేసిన ఆంటన్స్ లా అమెరికా రవాణా శాఖకు స్పష్టంగానే చెప్పింది. ఆ చట్టం వచ్చిన ఆరేళ్లకు బీమా సంస్థ ఒక డమ్మీతో, కొలతలతో ఆ పని చేసి చూపించింది. 213వ నంబరు ప్రమాణంలో మాత్రం ఆ కొలతకు ఇంకా చోటు దొరకలేదు.